తొందరేం లేదండీ, ఆలోచించండి

ఆయన పోయిన సంగతి కాలేజీ ప్యూన్ వచ్చి చెప్పాడు. మే నెల, కోర్టుకి సెలవులు. పది గంటలకే బెజవాడ పెనంలా కాలుతోంది. వరండాలో వట్టివేళ్ళ తడికలు తడిపించుకుని కూర్చున్నాను. ప్యూన్ సైకిలుకి స్టాండు వేసి, కాగితం ఒకటి నా చేతికిచ్చి, "మన పాత వైస్ ప్రిన్సిపాల్ గారు పోయారండీ. ఆదివారం పొద్దున సంతాపసభ. తోటలోనేనంట. కమిటీ తరఫున తమరు నాలుగు ముక్కలు మాట్లాడాలన్నారు సెక్రటరీగారు," అన్నాడు.

కాగితం చదివాను. ఆయన 'విద్యార్థులకు ఆలోచించడం నేర్పిన మహామనీషి' అట. ఆ తోట ఆయన 'చేతులారా పెంచిన బిడ్డ' అట. రెండూ అబద్ధాలు కావు. అదే నా కడుపుమంట. అబద్ధాలైతే నవ్వేసి ఊరుకునేవాణ్ణి.

మొన్నటి ఉప్పెనకి దివిసీమలో వేలమంది పోయారు. వాళ్ళలో ఒక్కరి గురించి కూడా మా కాలేజీలో ఇంత అందంగా రాయలేదు. సరే, నా కోపం నాది. పోయినవాడు కదా, ఆయన్ని 'ఆయన' అంటాను. 'గారు' అనడం మాత్రం నావల్ల కాదు.

మా కాలేజీ వెనక, తరగతి గదులకీ కాలవగట్టుకీ మధ్య, ఎకరం పైచిలుకు నేల ఉండేది. ఆయన రాకముందు అక్కడ తుమ్మలూ, జిల్లేళ్ళూ, హాస్టలు వంటవాళ్ళు పారబోసిన బూడిదా ఉండేవట. ఆయన ఆ నేలంతా బాగు చేయించి పొగడలు, కానుగలు, నిద్రగన్నేర్లు నాటించాడు. గుండ్రంగా ఎనిమిది సిమెంటు బల్లలు వేయించాడు. ఒక్కో బల్ల వీపు మీద ఫలానా వారి జ్ఞాపకార్థం అని ఉంటుంది. అందులో ఒకటి మా తాత పేరున మా నాన్న వేయించింది. మా నాన్న అప్పుడు కమిటీలో ఉండేవాడు. ఇప్పుడా కుర్చీలో నేనున్నాను.

బల్లల మధ్య పెద్ద పొగడ కొమ్మకి ఒక కంచు గంట. రోజూ రెండో పీరియడు కాగానే ఆయనే వచ్చి దాని తాడు లాగేవాడు. గంట మోగితే పది నిమిషాలు కాలేజీ మొత్తం మౌనం. ఎక్కడివాళ్ళక్కడ ఆగి ఆలోచించుకోవాలి. దేన్ని గురించండీ అని అడిగితే, "అది మీ ఇష్టమండీ. నేను గంట మాత్రమే కొట్టగలను," అనేవాడు.

తెల్ల పంచె, గంజి పెట్టిన లాల్చీ, చేతిలో ఫైలు, చంకలో గొడుగు. బల్ల మీద కూర్చునే ముందు జేబురుమాలు నాలుగు మూలలూ సర్ది పరిచేవాడు. గొంతెత్తి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కొత్తగా చేరిన మీసాల్లేని కుర్రాణ్ణి కూడా మీరు అనేవాడు. ఆ మీరు వింటే ఒళ్ళు చల్లబడేది. మిగతా మాస్టార్లు నాలుగు తిట్టి ఆ పూటకి మరిచిపోయేవాళ్ళు. ఈయన తిట్టడు, మరవడు. "తొందరేం లేదండీ, ఆలోచించండి," అంటాడు.

మనం చెప్పేది వింటూ బల్ల మీద పాకే చీమల్ని చూపుడువేలితో ఒక్కొక్కదాన్నే నొక్కేవాడు. చూపు మన మొహం మీదే ఉండేది, వేలు మాత్రం గురి తప్పేది కాదు. నొక్కి, వేలు రుమాలుకి తుడుచుకుని, "ఊఁ, తర్వాత?" అనేవాడు. మొక్కల దగ్గరా అంతే. మూడు నాటితే ఏడాది తిరక్కుండా అందులో ఒకటి పీకేవాడు. ఒక్కోసారి నవనవలాడుతూ పైకొస్తున్నదాన్నే పీకేవాడు. తోటమాలి లబోదిబోమంటే, "మిగతా రెంటి కోసమే పీకాను. నోరు మూసుకుని నీళ్ళు పొయ్యి," అనేవాడు. తోటమాలికి ఆ మీరు దక్కలేదు పాపం.

చదువు బాగా చెప్పేవాడు. అది ఒప్పుకోకపోతే నా నోరు పడిపోతుంది. తర్కం, నీతిశాస్త్రం ఆయన సబ్జెక్టులు. గదిలో చెప్పేవాడు కాదు. మమ్మల్నందర్నీ తోటలో కింద కూర్చోబెట్టి, తను బల్ల మీద కూర్చుని చెప్పేవాడు. ఒకసారి తోటమాలి నీళ్ళు పోసి వెళ్ళిన పాదు చూపించి, "వాన పడితే నేల తడుస్తుంది. ఈ నేల తడిసింది. కనక వాన పడింది. ఏమంటారండీ?" అన్నాడు. మేమందరం నవ్వాం. "నవ్వుతున్నారు గానీ, ఇళ్ళకెళ్ళాక రోజుకి పదిసార్లు ఈ తప్పే చేస్తారు. ఫలితం కనపడగానే కారణం తేల్చేస్తారు. పొరుగువాడి పొయ్యిలో పొగ రాకపోతే పస్తులంటారు. ఉపవాసం కావచ్చు గదండీ?" అన్నాడు. ఇంత సులువుగా, ఇంత నిక్కచ్చిగా నాకు మరొకరెవరూ ఏదీ చెప్పలేదు. ఈ రోజు కోర్టులో నేను సాక్షిని నిలదీసేదంతా ఆ పాదు దగ్గర నేర్చుకున్నదే.

చెప్పడం అయ్యాక శిక్ష వేయడం కూడా ఆ తోటలోనే. తప్పు చేసినవాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టేవాడు. మొదటి గంట నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా. పుస్తకం ఉండకూడదు, పక్కన మనిషి ఉండకూడదు. ఎదురుగా అమ్మాయిల వెయిటింగ్ రూము వరండా. భోజనాల గంటకి ఆయన వచ్చి, రుమాలు పరిచి, "ఏం ఆలోచించారండీ?" అని అడిగేవాడు. తప్పయింది అన్నంత మాత్రాన వదిలేవాడు కాదు. తప్పెక్కడ మొదలైందో, అప్పుడు మనసులో ఏముందో వరసగా చెప్పాలి. అబద్ధం చెబితే ఇట్టే పట్టేసేవాడు. "ఇంకా ఆలోచన పండలేదండీ. రేపు కూడా కూర్చోండి," అనేవాడు. పోగా పోగా కుర్రాళ్ళు చేయని తప్పులు కూడా కల్పించి చెప్పి బయటపడేవాళ్ళు. నేనొక్కసారి కూర్చున్నాను, క్లాసులో తల దువ్వుకున్నందుకు. అదీ మా తాత పేరున్న బల్ల మీదే. వరండాలో అమ్మాయిలు నోటికి పమిటలడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వు నాకు ఒళ్ళంతా కారం రాసినట్టు మండింది. ఈయన పని పట్టాలనుకున్నాను.

జై ఆంధ్ర గొడవలకి ముందు ఏడు. మేం బి.ఏ. ఆఖరి సంవత్సరం. జనవరిలో తోట వార్షికోత్సవం పెట్టాడు. హైదరాబాదు నుంచి రిటైరైన జడ్జిగారొకాయన్ని పిలిచాడు. ఆ పొద్దున ఆరింటికే వెళ్ళి, బల్లెక్కి, గంట లోపలి ఇనప నాలుక కొక్కెం నుంచి తప్పించి కాలవలో పడేశాను. దమ్మిడీ ఎత్తు పని. రెండు నిమిషాలు పట్టింది.

పదింటికి జడ్జిగారు, కమిటీవాళ్ళు, కాలేజీ మొత్తం తోటలో నిలబడి ఉంటే ఆయన లేచి, "ఈ గంట ఒక్కసారి మోగితే ఇందరి నోళ్ళు మూతపడతాయి. ఇందరి మనసులు తెరుచుకుంటాయి," అని, తాడు లాగాడు. గంట ఊగింది. చప్పుడు లేదు. మళ్ళీ లాగాడు. రెండు చేతులతో పట్టుకుని లాగాడు. లాల్చీ భుజం దగ్గర పిగిలింది. అప్పటిదాకా ఊపిరి బిగబట్టిన జనంలోంచి ఒక నవ్వు కిసుక్కుమని బయటపడింది. దాని వెనక అందరి నవ్వూ. జడ్జిగారు కూడా నవ్వాడు.

మొదట నవ్వినవాడు దేవదానం.

దేవదానం నా పక్కన కూర్చునేవాడు. పామర్రు అవతల ఊరు వాళ్ళది. తండ్రి లేడు. తల్లి కూలికి పోయేది, ఆదివారం గుడిలో పాటలు పాడేది. వాడికి గవర్నమెంటు స్కాలర్‌షిప్పు. పాసైతే వాళ్ళ పేట మొత్తానికి మొదటి బి.ఏ. వాడే. మూడేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం. నేను వాణ్ణి ఏరా అనేవాణ్ణి, వాడు నన్ను మీరు అనేవాడు. అందులో వింతేముందో ఆ రోజుల్లో మా ఇద్దరికీ తెలియదు.

మర్నాడు క్లాసులో ఆయన దేవదానాన్ని లేపాడు. మొహంలో కోపం అనేదే లేదు.

"నిన్న అందరికంటే ముందు మీరు నవ్వారండీ."

"అవునండీ. తప్పయిందండీ. ఆగలేదండీ నవ్వు."

"గంట మోగదని ముందే తెలిసినవాడు ముందు నవ్వుతాడు. మీరు ముందు నవ్వారు. కనక?"

నేల తడిసింది కనక వాన పడిందనడమే గదా ఇది! మూడు వారాల కిందట మా చేత ఛీ కొట్టించిన తప్పునే ఈయన కళ్ళార్పకుండా చేస్తున్నాడు. క్లాసులో ఎవరైనా లేచి ఆ మాట అనొచ్చు. ఎవరూ అనలేదు. నేను అసలే అనలేదు.

"నేను తియ్యలేదండీ," అన్నాడు దేవదానం.

"తొందరేం లేదండీ, ఆలోచించండి," అన్నాడాయన, కానుగ కింద బల్ల చూపించి.

అలా కూర్చున్నాడు వాడు. ఒక రోజు కాదు, వారం కాదు. జనవరి అయిపోయింది, ఫిబ్రవరి అయిపోయింది. రోజూ మొదటి గంట నుంచి భోజనాల దాకా బల్ల మీద. మధ్యాహ్నం క్లాసులకి రానిచ్చేవాడు. పొద్దుటి క్లాసులన్నిటికీ గైరుహాజరు పడేది. హాజరు చాలకపోతే హాల్ టికెట్ రాదు. పరీక్ష లేదు, స్కాలర్‌షిప్పు లేదు. ఆ సంగతి వాడికి తెలుసు, ఆయనకి తెలుసు, రోజూ రిజిస్టర్లో సున్నాలు చుట్టే హెడ్ గుమాస్తాకి తెలుసు. నాకూ తెలుసు.

నేనే తీశానని రాసిస్తే లేచిపోవచ్చు. "ఎలా రాస్తానండీ?" అన్నాడు వాడు నాతో ఒకసారి. "కంచు గంట సామాను దొంగిలించానని రాసిస్తే కాండక్టు సర్టిఫికెట్టు మీద అదే పడద్ది. ఇంక నాకు ఉద్యోగం ఎవడిస్తాడండీ? నవ్వానని రాయమంటే వంద కాయితాలు రాస్తా."

ఆ కాగితం వాడికి రోజూ తీసికెళ్ళి ఇచ్చేది నేను. అవును, నేనే. పదకొండింటికి ఆయన తోట అవతలి మూల క్లాసు ఆపి, "బాబూ, మీరు వెళ్ళి ఆయనకి ఈ కాయితం, కలం ఇచ్చి రండి," అనేవాడు. నలభై మందిలో నన్నే పిలిచేవాడు. నాకేమో అది పెద్ద మర్యాదలా ఉండేది, నా మొహం! తెల్ల కాగితం పట్టుకెళ్ళేవాణ్ణి. దేవదానం దాన్ని తొడ మీద పెట్టుకుని, కలం మూత తీసి, కాసేపు చూసి, మళ్ళీ మూత పెట్టి, "తీసుకెళ్ళండి," అనేవాడు. తెల్ల కాగితమే వెనక్కి తెచ్చేవాణ్ణి. ఆయన దాన్ని అందుకుని, రెండువైపులా తిప్పి చూసి, నా మొహం కూడా చూసి, ఫైల్లో పెట్టుకునేవాడు.

ఒకరోజు కాగితం తిరిగిస్తూ దేవదానం చెయ్యి వదల్లేదు. "మీ నాన్నగారు కమిటీలో ఉన్నారు గదండీ. ఒక్క మాట చెప్పించండి. ఎన్నాళ్ళు కూర్చోమన్నా కూర్చుంటా. హాజరు మాత్రం వేయించమనండి," అన్నాడు.

"చెప్తాలేరా," అన్నాను.

చెప్పలేదు. చెబితే మా నాన్న ఎందుకు, ఏమిటి, ఎవరు అని తవ్వేవాడు. మా నాన్నది అలాంటి తవ్వకం. మర్నాడు దేవదానం నా మొహంలోకి ఆశగా చూశాడు. "చెప్పాను, చూస్తానన్నారు," అన్నాను. వాడు దణ్ణం పెట్టాడు.

వాళ్ళమ్మ వచ్చింది ఒకసారి, పామర్రు బస్సులో. ఒళ్ళో తేగల కట్ట. కొడుకు బల్ల మీద కూర్చుని ఉంటే ఆవిడ కింద గడ్డిలో కూర్చుంది. నేను కాగితం పట్టుకుని వెళ్ళేసరికి గబుక్కున లేచి నిలబడింది.

"కూర్చో అమ్మా," అన్నాను.

"పర్వాలేదు బాబూ. మావోడు సెప్పాడు. ఇంతమందిలో మావోణ్ణి ఏరి, పెద్ద పంతులుగారు ఈ సల్లటి సెట్టు కింద యిడిగా కూకోబెట్టారంట గదా! ఆలోశన నేర్పుతున్నారంట. మా పాస్టరుగారితో కూడా సెప్పాను. మొన్న ఆదారం గుళ్ళో మావోడి కోసం పార్దన పెట్టించారు."

దేవదానం తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు. తల్లికి వాడు చెప్పుకున్న అబద్ధం అది. నేనేమనాలి? "అవునమ్మా," అన్నాను.

ఇంతలో క్లాసు వదిలి ఆయనొచ్చాడు. ఆవిడ రెండు చేతులూ జోడించి నడుం దాకా వంగింది. ఆయన రుమాలు పరిచి, అదే బల్ల మీద, దేవదానం పక్కనే కూర్చున్నాడు. ఆవిడ చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. విని, "మీ అబ్బాయి గట్టివాడమ్మా. నా సర్వీసులో ఇంత గట్టివాణ్ణి చూళ్ళేదు. ఇంకొన్నాళ్ళు కూర్చుంటే చాలా పైకొస్తాడు," అన్నాడు.

ఆ తల్లి కళ్ళు తుడుచుకుంది. కట్టలోంచి లావుపాటి తేగ ఏరి, కొంగుతో తుడిచి ఇచ్చింది. ఆయన దాన్ని నిలువునా చీల్చి, పీచు తీసి, లోపలి చందమామతో సహా మొత్తం తిన్నాడు. తీరిగ్గా తిన్నాడు. "తియ్యగా ఉందమ్మా," అన్నాడు. దేవదానం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తిన్నంతసేపూ నన్నే చూశాడు. ఆ మనిషి దవడలు ఆడుతుంటే, వెళ్ళి పీక నొక్కేద్దామనిపించింది నాకు. నొక్కడానికి నాకేం హక్కుందని!

మార్చి మొదటి వారంలో జాబితా వెళ్ళే రోజొచ్చింది. హాజరు తగ్గినవాళ్ళలో ఎవరెవరిని మన్నించవచ్చో వైస్ ప్రిన్సిపాల్ సిఫారసు చేసి యూనివర్సిటీకి రాయాలి. అందులో పేరుంటే హాల్ టికెట్ వస్తుంది. రెండు గంటలకి ఆయన నన్ను తోటలోకి పిలిపించాడు. బల్లలన్నీ ఖాళీ. దేవదానం మధ్యాహ్నం క్లాసులో ఉన్నాడు.

"కూర్చోండి బాబూ," అన్నాడు. కూర్చున్నాను.

"గంట మోగనప్పుడు అందరూ తాడు వైపు చూశారండీ. మీరొక్కరే కాలవ వైపు చూశారు."

ఆయన చీమ కోసం బల్ల మీద వెతుకుతున్నాడు.

"తెలిసే... దేవదానాన్ని ఎందుకు కూర్చోబెట్టారండీ?" అన్నాను.

"మీకోసమండీ. మిమ్మల్ని కూర్చోబెడితే ఏమవుతుంది? మీ నాన్నగారొస్తారు. మీరు లేచిపోతారు. ఆలోచన అనేది జరగదు. ఇంకొకరు కూర్చుంటే మీరు ఆలోచిస్తారేమోనని చూశాను. రోజూ కాయితం ఇచ్చి మీ చేతే పంపాను. యాభై రోజులైందండీ."

"మరి దేవదానం సంగతేంటండీ?"

"ఆయన ఉదాహరణండీ," అన్నాడు. పాఠం చెప్పే గొంతుతోనే అన్నాడు. "జాబితా ఈ ఫైల్లో ఉంది. అయిదింటికి పోస్టులో పడుతుంది. ఈలోపల మీరు నా గదికొచ్చి ఒక్క మాట చెబితే చాలు, ఆయన పేరు చేరుస్తాను. మీ నాన్నగారికి నేను చెప్పను. కాయితం అక్కర్లేదు. నోటిమాట చాలు. తొందరేం లేదండీ. మూడు గంటలుంది, ఆలోచించండి."

లేచి, రుమాలు దులిపి, మడిచి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నా జీవితంలో అంత నిజంగా ఆలోచించింది ఆ మూడు గంటలే. ముందు ఆయన్ని బండబూతులు తిట్టుకున్నాను. తర్వాత వెళ్దామనే అనుకున్నాను. ఒట్టు, రెండుసార్లు లేచాను. లేచిన ప్రతిసారీ ఒక ప్రశ్న అడ్డొచ్చేది. ఈయన మాట మీద నమ్మకమేమిటి? చెప్పాక మా నాన్నకి చెప్పడని ఏమిటి? లా కాలేజీలో సీటుకి ఈయన సర్టిఫికెట్టే కావాలాయె. ఇంతదాకా తెలిసీ ఊరుకున్న మనిషి దేవదానం పేరు ఎలాగూ చేరుస్తాడులే, ఊరికే నన్ను భయపెడుతున్నాడు, అని కూడా అనుకున్నాను. తర్కం బాగానే వంటబట్టింది నాకు.

నాలుగున్నరకి క్లాసు వదిలారు. దేవదానం పుస్తకాలు పట్టుకుని అటుగా వచ్చి నన్ను చూసి ఆగాడు.

"ఏంటండీ, మిమ్మల్ని కూడా కూర్చోబెట్టారా ఏంటి?" అన్నాడు నవ్వుతూ.

"లేదురా. ఊరికే."

"జాబితా ఇయ్యాళే పోద్దంటండీ. మీ నాన్నగారు చెప్పారు గదా, నా పేరు ఉంటదంటారా?"

"ఉంటదిలేరా. వెళ్ళు," అన్నాను.

వాడు వెళ్ళాడు. ఈల వేసుకుంటూ వెళ్ళాడు. నేను లేవలేదు.

అయిదింటికి ఆయన మెట్లు దిగి వచ్చాడు. చేతిలో ఫైలు, చంకలో గొడుగు. నా ముందుకొచ్చి ఆగాడు. ఏమీ అడగలేదు. గడియారం చూసుకుని నిలబడ్డాడు. నేను ఆయన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన నిట్టూర్చి, "పాపం, మీరు నిజంగానే ఆలోచించారండీ," అన్నాడు. గేటు వైపు వెళ్ళిపోయాడు.

దేవదానానికి హాల్ టికెట్ రాలేదు. స్కాలర్‌షిప్పు ఆగింది. మరుసటేడు కడదామనుకున్నాడు. ఆ ఏడు గొడవల్లో కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. ఆ తర్వాత చదువు జోలికి రాలేదు. ఇప్పుడు ఆటోనగర్లో ఒక లారీ ఆఫీసులో బుకింగు గుమాస్తా. ఒకసారి ఏదో కేసు పని మీద అటు వెళ్ళి, గుమ్మంలో నిలబడి మూటల మీద నంబర్లు రాస్తున్నవాణ్ణి చూసి, స్కూటరు వెనక్కి తిప్పుకొచ్చాను. జుట్టు సగం నెరిసింది వాడికి. నా వయసే.

ఆయన చేసింది తర్కమూ కాదు, నీతీ కాదు. ఆయనకి మా నాన్నంటే భయం. నన్ను ముట్టుకుంటే ఉద్యోగానికి ఎసరని తెలుసు. గంట మోగనందుకు ఎవడో ఒకడు బల్లెక్కాలి. అడిగేవాళ్ళు లేనివాణ్ణి ఎక్కించాడు. ఆ పిరికితనానికి పెద్ద పెద్ద మాటలు తొడిగి నా నెత్తిన పెట్టి పోయాడు. ఆరేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్న మాట ఇది. నిజమేననుకుంటాను. ఇందులో నా వాటా ఏమీ తగ్గదు, అదీ తెలుసు.

ఆదివారం సభకి వెళ్ళాను. షామియానా వేశారు. పొగడ కింద ఆయన ఫోటో, దండ. ఒకరి తర్వాత ఒకరు లేచి రాని ఏడుపు ఏడుస్తూ పొగిడారు. నా వంతొచ్చేసరికి నాలో ఏదో తెగింది. చెప్పేద్దామనుకున్నాను. మైకు పట్టుకుని, "ఆ రోజు గంట నాలుక తీసి కాలవలో పారేసింది నేనే," అన్నాను.

సభంతా గొల్లున నవ్వింది. చప్పట్లు! సెక్రటరీ పొట్ట పట్టుకున్నాడు. ముందు వరసలో కూర్చున్న, పోయినాయన భార్య కూడా కళ్ళొత్తుకుంటూ నవ్వింది. "భలే అల్లరివాళ్ళండీ మీరు!" అని ఎవరో కేకేశారు. ఇంక చెప్పాల్సింది అసలు సంగతే. నవ్వులు తగ్గేదాకా ఆగాను. తగ్గాయి. అందరూ మొహాలు వెలిగించుకుని, ఇంకో ముచ్చట చెబుతానని చూస్తున్నారు. "అంతటి గురువుని మళ్ళీ చూడలేం," అని చెప్పి కూర్చున్నాను.

సభ అయ్యాక మజ్జిగ తాగుతుంటే పాత హెడ్ గుమాస్తా పక్కకొచ్చాడు. రిటైరయ్యాడు, నశ్యం మాత్రం మానలేదు. "భలే చెప్పారు బాబూ. పాపం ఆ దేవదానం అనే కుర్రాడు ఆ గంట మూలానే చదువు పోగొట్టుకున్నాడు," అన్నాడు.

"ఆ ఏడు హాజరు జాబితా అయిదింటికి గదా వెళ్ళింది?" అన్నాను, ఎందుకడిగానో తెలియదు.

"అయిదింటికా? భలేవారే! పొద్దున పదింటికే నా చేత్తో రిజిస్టరు పోస్టు చేశాను. ఆ రోజే ఆఖరి తేదీ గదా, నాకు బాగా గుర్తు."

"సాయంత్రం ఆయన చేతిలో ఫైలుందే?"

"ఆయన చేతిలో ఫైలు లేనిదెప్పుడు లెండి!" అని నవ్వి నశ్యం పీల్చాడు.

అంటే రెండింటికి ఆయన నన్ను పిలిపించేసరికే అంతా అయిపోయింది. నేను పరిగెత్తుకెళ్ళి కాళ్ళ మీద పడి చెప్పినా దేవదానం పేరు చేరేది కాదు. ఎంత పాపిష్టి మనిషి! ఆ మాటే పైకి అన్నాను కూడా. అన్నానే గానీ లోపల నాకు కలిగింది కోపం కాదు. హాయి. నేను లేవకపోవడం వల్ల ఎవరికీ ఏమీ కాలేదన్నమాట. గుమాస్తా చేతులు పట్టుకుని ఊపి, ఎండలో స్కూటరేసుకుని ఇంటికొచ్చాను. కొత్తావకాయ కలుపుకుని, మారు వడ్డించుకుని తిన్నాను. తడికలు తడిపించి పడుకుంటే ఒళ్ళు తెలియకుండా నిద్రపట్టింది.

నాలుగింటికి లేచి కాఫీ తాగుతుంటే దేవదానం గుర్తొచ్చాడు. ఆరేళ్ళుగా వాడికి నిజం చెప్పాలి, ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళి చెప్పాలి అనుకుంటూ వచ్చాను. ఇక ఆ పని లేదనుకున్నాను.